అద్దాల వసారాలో మొక్కలు: ఉత్తరాంధ్ర ఎండకు తగిన పెంపకం

విజయనగరం, శ్రీకాకుళం పట్టణాలలో కొత్తగా కట్టుకునే ఇళ్ళలో ముందు వసారానో మేడ మీది వరండానో అద్దాలతో గాని పాలికార్బనేటు రేకులతో గాని మూసి, అందులో కుండీలు పెట్టుకోవడం ఇప్పుడు తరచుగా కనిపిస్తోంది. ఈ పద్ధతి చలి దేశాలలో పుట్టింది. నారింజ, నిమ్మ చెట్లు మంచుకు చచ్చిపోకుండా చలికాలం దాటించడానికి ఐరోపాలో సంపన్నులు అద్దాల గదులు కట్టించుకున్నారు. లోపలికి వచ్చిన ఎండ వేడిని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచడమే ఆ గదుల పని. మన పెరటి నిమ్మచెట్టుకు అటువంటి రక్షణ ఏనాడూ అవసరపడలేదు. అందుచేత అద్దాల గదుల గురించి చలి దేశాలవారు రాసిన సూచనలను మనం చాలావరకు తిరగేసి చదువుకోవాలి. అక్కడ వేడిని దాచుకోవాలి, ఇక్కడ వేడిని సాగనంపాలి. అక్కడ వెలుగు కోసం వెతుక్కోవాలి, ఇక్కడ వెలుగును వడగట్టుకోవాలి.

ఈ సంగతి నేను నష్టపోయి నేర్చుకున్నాను. విజయనగరంలో మా ఇంటి మేడ మీద పడమటి వసారాకు అద్దాలు బిగించిన మొదటి వేసవిలో, ఫెర్నులకు నీడ కావాలని తెలిసి కూడా, అద్దం చాటున ఉన్నాయి కదా అని ధైర్యపడ్డాను. రోహిణి కార్తె మొదలైన నాలుగో రోజున ఆకు పట్టుకుంటే నూనెలో వేయించిన కరివేపాకులా వేళ్ళ మధ్య పొడి అయిపోయింది. నీళ్ళు రెండు పూటలా పోశాను. కుండీలో మట్టి తడిగానే ఉంది. అయినా ఆకు నుంచి ఆవిరయ్యే నీటిని వేరు అందించగలిగే వేగం కంటే గదిలోని వేడి వేగం ఎక్కువైంది. నీళ్ళతో తీరే సమస్య కాదని అప్పుడు అర్థమైంది.

ఎండ ఎటు నుంచి వస్తుందో ముందు తెలుసుకోవాలి

మొక్కలు కొనడానికి ముందే చేయవలసిన పని ఒకటుంది. అరసవల్లి సూర్యనారాయణస్వామి ఆలయంలో ప్రతి ఏటా మార్చి, అక్టోబరు నెలల్లో కొద్ది రోజుల పాటు ఉదయపు తొలి కిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకుతాయని మన ప్రాంతంలో అందరికీ తెలుసు. సూర్యుడు ఏడాది పొడవునా ఉత్తరానికీ దక్షిణానికీ జరుగుతూ, ఒకే చోటికి ఏటా రెండుసార్లు వస్తాడు కనుకనే అది సాధ్యమవుతోంది. మన వసారా నేల మీద కూడా ఎండ అదే విధంగా జరుగుతుంది. నెలకొకసారి, ఉదయం తొమ్మిదింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం నాలుగింటికి ఎండ పడిన మేరకు సుద్దముక్కతో గీత గీసి, పక్కన నెల పేరు రాసుకుంటే, ఏడాది తిరిగేసరికి ఏ మూల ఏ మొక్కకు తగినదో నేలే చెబుతుంది.

మనం ఉన్నది ఇంచుమించు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. మే రెండవ వారంలో ఒకసారి, జూలై చివర ఒకసారి మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. ఆ రెంటి మధ్యకాలంలో కొంచెం ఉత్తరంగా ఉంటాడు. డిసెంబరులో మాత్రం మధ్యాహ్నం పూట కూడా దక్షిణాన దాదాపు 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు కనుక దక్షిణపు అద్దాల గుండా ఎండ గది లోపలి గోడ దాకా పాకుతుంది. దీనిని బట్టి తేలేదేమిటంటే, వేసవిలో మనను బాధించేది ప్రధానంగా పైకప్పు, ఆ తరువాత పడమటి గోడ. చలికాలంలో మనకు మేలు చేసేది దక్షిణపు గోడ. తూర్పు ముఖంగా ఉన్న వసారా అన్నిటికంటే అదృష్టమైనది, ఎందుకంటే లేత ఎండ లోపలికి వచ్చి, ముదిరే వేళకు పక్కకు తప్పుకుంటుంది. ఉత్తరపు వసారాలో ఎండ ఎప్పుడూ పడదని అనుకుంటారు గాని, మే, జూన్, జూలై నెలల్లో ఉదయం, సాయంత్రం ఏటవాలుగా పడుతుంది.

నీడ అద్దానికి బయట, గాలికి పైనా కిందా దారి

చాలామంది చేసే పొరపాటు, అద్దానికి లోపలి వైపు తెర కట్టడం. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చి తెరను తాకిన తరువాత ఆ తెర వేడెక్కి, ఆ వేడినంతా గదిలోకే వదులుతుంది. నీడ ఎప్పుడూ అద్దానికి బయటే ఉండాలి. యాభై శాతం ఎండను ఆపే ఆకుపచ్చ షేడ్ నెట్‌ను పైకప్పుకు ఒక అడుగు ఎత్తున, మధ్యలో గాలి ఆడేటట్లు, ఇనుప చట్రానికి కట్టించుకోవడం అన్నిటికంటే మేలైన మార్గం. పడమటి వైపు వెదురు తడికలు గాని చుట్టి పైకి లాగే వెదురు తెరలు గాని వేలాడదీసి, మధ్యాహ్నం దించి సాయంత్రం ఎత్తుకోవచ్చు. అంత ఖర్చు ఎందుకనుకునేవారు మార్చి చివర్లో పైఅద్దాలకు సుద్ద నీళ్ళు పలచగా పూస్తే, మృగశిర కార్తెలో తొలకరి పడేటప్పటికి, వెలుగు మళ్ళీ కావలసిన వేళకే, అది దానంతట అదే కడిగిపోతుంది. పాలికార్బనేటు రేకులు వేయించేవారు అతినీలలోహిత కిరణాలను ఆపే పూత ఉన్న వైపు పైకి ఉందో లేదో బిగించేటప్పుడే చూసుకోవాలి; తిరగేసి బిగిస్తే కొద్ది ఏళ్ళలోనే రేకు పసుపుబారి పెళుసెక్కుతుంది.

గాలి సంగతి నీడ కంటే తక్కువది కాదు. వేడెక్కిన గాలి పైకి లేస్తుంది కనుక, పైకప్పుకు దగ్గరగా ఒక తెరుచుకునే కిటికీ, నేలకు దగ్గరగా మరొకటి ఉంటే, ఫ్యాను లేకపోయినా వేడి గాలి పై నుంచి పోతూ చల్లగాలిని కింది నుంచి లాక్కుంటుంది. ఒకే ఎత్తున రెండు కిటికీలు పెట్టించుకుంటే ఈ ప్రయోజనం సగం కూడా దక్కదు. రెండింటికీ దోమల జాలీ బిగించాలి. గాలి ఆడని మేడ గదులలో చిన్న గోడ ఫ్యాను ఉదయం పది నుంచి సాయంత్రం అయిదు దాకా తిరుగుతుంటే చాలు. అది ఒకే కుండీ మీదికి సూటిగా కొట్టకుండా, ఎదుటి గోడకు తగిలి తిరిగేటట్లు పెట్టాలి.

గదిలో మొక్కల ఎత్తున, ఎండ తగలని చోట ఒక ఉష్ణమాపిని తగిలించండి. అది 38 డిగ్రీలు దాటుతోందంటే నీడో గాలో చాలడం లేదని అర్థం.

ఏ మొక్కలు

ఇంటి మొక్కలుగా ప్రపంచమంతా పెంచుకునేవాటిలో చాలా భాగం ఉష్ణమండలపు అడవులలో పెద్ద చెట్ల నీడన పెరిగేవే. అందుచేత వెచ్చదనం, చెమ్మగాలి వాటికి పుట్టింటి వాతావరణం. నేరుగా పడే ఎండ మాత్రం వాటికి సరిపడదు. మనీ ప్లాంట్, సింగోనియం, ఫిలోడెండ్రాన్, మాన్‌స్టెరా, అగ్లోనిమా, స్నేక్ ప్లాంట్, జీజీ మొక్క, అరేకా పామ్ మన వసారాలలో పెద్దగా బాధపెట్టకుండా పెరుగుతాయి. మొదటి ఏడాది వీటితోనే సరిపెట్టుకోవడం మంచిది. క్రోటన్లకు రంగు రావాలంటే రోజుకు కొన్ని గంటలయినా ఉదయపు ఎండ తగలాలి. నీడలో పెడితే అవి బతుకుతాయి గాని వట్టి ఆకుపచ్చగా మారిపోతాయి. తమలపాకు తీగను నేను ప్రత్యేకంగా సిఫారసు చేస్తాను. ఈ గదికి అంతకంటే తగిన మొక్క మరొకటి నాకు కనిపించలేదు: వడగట్టిన వెలుగు, తడి గాలి, పాకడానికి కొబ్బరిపీచు చుట్టిన కర్ర ఉంటే చాలు, ఆకు పూజకూ తాంబూలానికీ ఇంట్లోనే దొరుకుతుంది.

డిఫెన్‌బాకియా ఆకు ఎంతో అందమైనది గాని, దాని కాండంలోనూ ఆకులోనూ సూదుల వంటి కాల్షియం ఆక్సలేటు స్ఫటికాలు ఉంటాయి. కొరికితే నోరు, నాలుక వాచిపోతాయి. పాకే వయసు పిల్లలున్న ఇంట్లో దానిని పెట్టుకోవద్దు. మనీ ప్లాంట్, ఫిలోడెండ్రాన్‌లలోనూ ఇవే స్ఫటికాలున్నాయి కనుక, వాటిని చేతికందని ఎత్తున వేలాడదీయాలి.

ఆర్కిడ్లు కష్టమని భయపడనక్కరలేదు. మన మామిడితోపుల్లో కొమ్మను కరిచిపట్టుకొని, వేళ్ళు గాలిలోకి వేలాడదీసి పెరిగే ఆర్కిడ్లను చూసినవారికి వాటికి మట్టి అక్కరలేదని తెలిసే ఉంటుంది. డెండ్రోబియం, వాండా జాతులు ఇక్కడి వేడికి తట్టుకుంటాయి. చిల్లుల కుండీలో బొగ్గు ముక్కలు, పెంకు ముక్కలు, కొబ్బరిడొక్క ముక్కలు వేసి నిలబెడితే సరిపోతుంది. అయితే కొండల మీద, తోపుల్లో ఉన్నవాటిని పీకి తెచ్చుకోకూడదు. నర్సరీలో పెంచినవే కొనుక్కోవాలి.

కుండీ మార్చడం

మన ఊళ్ళ నర్సరీలకు వచ్చే మొక్కల్లో ఎన్నో తూర్పు గోదావరి జిల్లా కడియం ప్రాంతం నుంచే వస్తాయి. దూర ప్రయాణంలో వేరు గడ్డ విడిపోకుండా పట్టి ఉంచే బరువైన మట్టి ఆ సంచుల్లో ఉంటుంది. ప్రయాణానికి ఆ మట్టి మంచిదే. గదిలోని కుండీకి మాత్రం పనికిరాదు, ఎందుకంటే ఆరుబయట ఎండకూ గాలికీ ఆరినంత త్వరగా అది గదిలో ఆరదు. కొన్న మొక్కను వారం పది రోజులు నీడన ఉంచి, కొత్త చోటికి అలవాటు పడ్డాక కుండీ మార్చాలి. రోహిణి కార్తెలో ఆ పని పెట్టుకోవద్దు. తొలకరి తరువాత ఆరుద్ర కార్తె రోజులు అందుకు శ్రేష్ఠం.

అగ్లోనిమాను ఉదాహరణగా తీసుకుందాం. ముందు రోజు సాయంత్రం నీళ్ళు పోసి, మరునాడు పొద్దున్నే సంచిని బ్లేడుతో నిలువునా కోయాలి. గడ్డను లాగకుండా బకెట్టు నీళ్ళలో ముంచి పావుగంట నానబెడితే మట్టి బురదై దానంతట అదే జారుతుంది. వేళ్ళ మధ్య ఇరుక్కున్నది చేతివేళ్ళతో మెల్లగా విడదీయాలి. తెల్లగా, గట్టిగా ఉన్న వేళ్ళు ఆరోగ్యమైనవి. గోధుమరంగుకు తిరిగి, పట్టుకుంటే పైతోలు ఊడి లోపలి దారంలాంటి నార మాత్రమే చేతికి వచ్చే వేళ్ళు కుళ్ళినవి. వాటిని శుభ్రమైన కత్తెరతో మంచి భాగం వచ్చేదాకా కత్తిరించాలి. వేరు గడ్డ కంటే రెండంగుళాలు మాత్రమే వెడల్పయిన కుండీ తీసుకోవాలి. చిన్న మొక్కకు పెద్ద కుండీ పెట్టడం ప్రేమలాగే కనిపిస్తుంది గాని, వేళ్ళు చేరని మట్టిలో నీరు నిలిచిపోయి, కుళ్ళు అక్కడే మొదలవుతుంది.

మట్టి మిశ్రమంలో కొబ్బరిపొట్టు రెండు పాళ్ళు, ఎర్రమట్టి ఒక పాలు, ముతక ఏటి ఇసుక ఒక పాలు, వర్మికంపోస్టు ఒక పాలు ఉండేటట్లు కలుపుకుంటాను. ఉద్దానం వైపు కొబ్బరి ఎక్కువ కనుక కొబ్బరిపొట్టు మనకు సులువుగా దొరుకుతుంది. కాని కొత్త పొట్టులో ఉప్పు ఉంటుంది. దానిని గోనెసంచిలో పోసి, మూడు నాలుగు సార్లు మంచినీళ్ళలో నానబెట్టి పిండి, నీటి రంగు తేలికపడ్డాకనే వాడాలి. గెత్తం పొలానికి ఎంత మంచిదైనా, పూర్తిగా మాగనిది గదిలోకి తేకూడదు. అది కుండీలోనే మాగడం మొదలుపెట్టి వేళ్ళను కాల్చడమే కాకుండా ఈగలను, పురుగులను రప్పిస్తుంది.

నీళ్ళు

అద్దాల గదిలో ఎండి చచ్చిన మొక్కల కంటే నీళ్ళు ఎక్కువై చచ్చినవే ఎక్కువ. దీనికి కారణం నిర్లక్ష్యం కాదు, ప్రేమే. ఆకు వాడిందంటే నీళ్ళు కావాలని మనసు చెబుతుంది; వేరు కుళ్ళినా ఆకు అదే విధంగా వాడుతుంది. రెండింటికీ తేడా మట్టిలో ఉంది. వేలు రెండో కణుపు దాకా మట్టిలోకి దించి చూడాలి. పొడిగా ఉండి ఆకు వాడితే నీళ్ళు పోయాలి. తడిగా ఉండి ఆకు వాడితే నీళ్ళు ఆపి, కుండీని గాలి తగిలే చోటికి మార్చి, వేళ్ళు పరీక్షించాలి.

ఇంకా నమ్మకమైన పద్ధతి కుండీని ఎత్తి చూడడం. నిండుగా నీళ్ళు పోసి, అదనపు నీరు కారిపోయాక కుండీని ఒకసారి రెండు చేతులా ఎత్తండి. మరునాడు ఎత్తండి, ఆ మరునాడు ఎత్తండి. వారం రోజుల్లో తడి కుండీ బరువు, ఆరిన కుండీ బరువు చేతులకు అలవాటైపోతాయి. మా ఇంట్లో ప్లాస్టిక్ కుండీలోని జీజీ మొక్కకు చలికాలంలో మూడు వారాలకొకసారి నీళ్ళు పోస్తే చాలుతుంది. పక్కనే మట్టికుండీలో ఉన్న పీస్ లిల్లీకి మే నెలలో రోజూ పోయవలసి వస్తుంది. మట్టికుండీ గోడల గుండా కూడా నీరు ఆవిరవుతుంది కనుక వేళ్ళకు చల్లగా ఉంటుంది. వేసవికి అది మేలు, కాకపోతే నీళ్ళు ఎక్కువసార్లు అడుగుతుంది. కాబట్టి ఇన్ని రోజులకొకసారి అని అన్ని మొక్కలకూ ఒకే లెక్క పెట్టుకోవడం కుదరదు.

నీళ్ళు పొద్దున్నే పోయాలి. మేడ మీది ట్యాంకు నీళ్ళు వేసవి మధ్యాహ్నం కాగిపోయి ఉంటాయి. పైపు విప్పి ఆ నీటిని నేరుగా కుండీలో పోస్తే వేళ్ళు ఉడికిపోతాయి. ముందు రోజు రాత్రే బకెట్లలో పట్టి పెట్టుకుంటే నీరు చల్లబడుతుంది, కుళాయి నీరైతే క్లోరిన్ కూడా కొంత పోతుంది. బోరు నీరు వాడేవారికి కొన్నాళ్ళకు మట్టి మీద, కుండీ అంచున తెల్లటి పొర కనిపిస్తుంది. అది నీటిలోని లవణాల పేరుకుపోత. ఆకు కొసలు గోధుమరంగుకు తిరగడానికి చాలాసార్లు అదే కారణం. పైపొరను అంగుళం మేర తీసి కొత్త మిశ్రమం వేసి, నెలకొకసారి కుండీకి రెండింతల నీరు మెల్లగా పోసి అడుగు నుంచి కారిపోనివ్వాలి. వానాకాలంలో డాబా నీటిని పీపాలో పట్టి, మూతపెట్టి ఉంచుకుంటే ఆర్కిడ్లకూ ఫెర్నులకూ అంతకు మించినది లేదు.

కుండీ కింది పళ్ళెంలో నీరు నిలవనివ్వకండి. డెంగీ దోమ ఇటువంటి శుభ్రమైన కొద్దిపాటి నీటిలోనే గుడ్లు పెడుతుంది, వారం పది రోజుల్లో కొత్త దోమ లేస్తుంది. అందుచేత వారానికి ఒక రోజు నిశ్చయించుకొని పళ్ళేలన్నీ వంపి, లోపలి అంచులు పీచుతో రుద్దాలి. గుడ్లు ఆ అంచులకే అంటుకొని ఉంటాయి. మనీ ప్లాంట్‌ను సీసా నీళ్ళలో పెంచేవారు కూడా అదే రోజు నీరు మార్చుకోవాలి.

వేసవిలో వడగాలి వీచే రోజులలో కుండీలకు అదనంగా నీళ్ళు పోయడానికి బదులు నేలను తడపండి. మధ్యాహ్నం పదకొండింటికి ఒకసారి, రెండింటికి ఒకసారి నేల మీద నీళ్ళు చల్లితే ఆవిరి లేచి గది చల్లబడుతుంది, గాలిలో తేమ పెరుగుతుంది, వేళ్ళకు ముంపు ఉండదు. కుండీలను దగ్గర దగ్గరగా చేర్చి పెట్టినా ఒకదాని ఊపిరి ఒకదానికి చెమ్మ అవుతుంది.

ఎరువు, పురుగు

ఎరువు గురించి చెప్పవలసింది కొద్దే. మొక్క కొత్త ఆకు వేసే జూన్ నుంచి అక్టోబరు దాకా, నీటిలో కరిగే 19:19:19 ఎరువును (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్ళలో ఉన్నది) లీటరుకు ఒక గ్రాము చొప్పున పదిహేను రోజులకొకసారి, తడిసిన మట్టిలో మాత్రమే పోయాలి. మే ఎండల్లోనూ, డిసెంబరు, జనవరి చలిలోనూ ఆపేయాలి.

పురుగుల మీద మాత్రం ప్రతి ఆదివారం పావుగంట వెచ్చించాలి. ఆకు పైభాగం చూస్తే లాభం లేదు. తిప్పి అడుగు చూడాలి, ఆకు కాండాన్ని కలిసే మూల చూడాలి. అక్కడ దూదిపింజలా తెల్లగా కనిపిస్తే పిండినల్లి. చీమలు వరుసకట్టి మొక్క ఎక్కుతున్నాయంటే, కనపడకపోయినా పిండినల్లో పేనుబంకో పైన ఉండే అవకాశం ఎక్కువ, ఎందుకంటే అవి విసర్జించే తీపి జిగురు కోసం చీమలు వాటిని కాపలా కాస్తాయి. ఆ మొక్కను వెంటనే వేరుచేసి, స్పిరిట్‌లో ముంచిన దూదితో ఒక్కొక్కదానినీ తుడిచేయాలి. మార్చి నుంచి మే దాకా పొడి వేడిలో ఎర్రనల్లి వస్తుంది: ఆకు మీద పసుపు చుక్కలు, అడుగున సన్నని గూడు. తెల్ల కాగితం పట్టుకొని ఆకును తడితే కదిలే నలుసులు రాలుతాయి. దానికి మొదటి మందు నీళ్ళే. ఆకుల అడుగున గట్టిగా నీళ్ళు కొట్టి కడగాలి. ఆ తరువాత లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనెను కొంచెం కుంకుడుకాయ రసంతో బాగా గిలకొట్టి, ఎండ తగ్గాక పిచికారీ చేయాలి. వారానికొకసారి చొప్పున మూడుసార్లు తప్పకుండా చేయాలి. మొదటిసారి తప్పించుకున్న గుడ్ల నుంచి వచ్చినవి తరువాతి పిచికారీకి చిక్కుతాయి.

తుపాను రోజులు

మన దగ్గర అద్దాల వసారాకు అసలు పరీక్ష సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో, విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం జరిగే రోజుల చుట్టూ వస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరం దాటిన గులాబ్, మూడూ ఆ రెండు నెలల్లోనివే. కనుక సెప్టెంబరు మొదలయ్యే లోపే షేడ్ నెట్ చట్రం మేకులు, అద్దాల రబ్బరు పట్టీలు చూసుకోవాలి. కొత్తగా బిగించేవారు పైకప్పుకు మామూలు అద్దం కాకుండా, వేడిచేసి గట్టిపరచిన టఫెన్డ్ అద్దమే వేయించాలి.

హెచ్చరిక వచ్చిన రోజున ముందు షేడ్ నెట్ విప్పి చుట్టేయాలి. గాలికి అది తెరచాపలా పనిచేసి చట్రాన్ని లేపుకుపోతుంది. వేలాడే కుండీలన్నీ దించి నేల మీద ఇంటి గోడకు ఆనించి పెట్టాలి, పొడవైన మొక్కలను పక్కకు పడుకోబెట్టాలి. ఆ రోజు నీళ్ళు పోయనక్కరలేదు. కరెంటు పోతే మోటారు ఆడదు కనుక రెండు డ్రమ్ముల నీరు పట్టి మూత పెట్టుకోవాలి. అది మొక్కల కోసమే కాదు, తరువాత ఆకులు కడగడానికి కూడా కావాలి. సముద్రం మీది నుంచి వచ్చే గాలి ఉప్పు తుంపరను తీరానికి దూరంగా ఉన్న ఊళ్ళకూ మోసుకొస్తుంది. అద్దం పగిలినా, కిటికీ తెరుచుకున్నా ఆ ఉప్పు ఆకుల మీద పడి, ఎండ రాగానే కాల్చేస్తుంది. గాలి తగ్గిన వెంటనే, ఎండ ముదరకముందే ప్రతి ఆకును మంచినీటితో కడగాలి. నలిగిన ఆకులను ఆ రోజే కత్తిరించవద్దు. వారం ఆగితే ఏది బతికిందో తెలుస్తుంది. పచ్చగా నిలిచిన భాగాన్ని వదిలి మిగిలినది అప్పుడు తీసేయవచ్చు. మొక్క కొత్త చిగురు చూపేదాకా ఎరువు వేయకూడదు.